ముఖమును చూచు విద్య

ఛాయాచిత్రమును తీయు యంత్రము ఒకప్పుడు పట్టణమున నేదో యొక దుకాణమున మాత్రమే యుండెడిది. ఇప్పుడది సెల్‌ఫోను రూపమున ప్రతి చేతియందును ఉన్నది. పెండ్లికి, పేరంటమునకు, బారసాలకు, పుట్టిన దినమునకు లెక్కకు మిక్కిలిగా పటములు తీయబడుచున్నవి. అయినను ఇంటి పెద్ద కాలధర్మము నొందిన నాడు, గోడకు వ్రేలాడదీయుటకై ఆయనను ఆయనగా చూపు పట మొక్కటి కావలెనన్నచో, వేయి పటములు వెదకియు కానక, తుదకు ఆధారు కార్డు మీది బొమ్మను పెద్దది చేయించిన యిండ్లను మేము కొన్నిటిని చూచితిమి. యంత్రములు ఇంత పెరిగియు ముఖము మనకు దొరకకుండుటకు కారణమేమి? మనుష్యుల రూపమును చక్కగా తీయదలచినవారు ఈ కళయందలి గురువుల పనిని చూచి నేర్వవలెనని అందరును చెప్పుదురు. ఆ మాట సత్యమే. కాని ఆ గురువుల వద్ద నేర్వవలసిన దేది యను విషయమున పొరపాటు జరుగుచున్నదని మాకు తోచుచున్నది.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున అగ్నిమిత్రుడు మాళవికను మొదట చిత్తరువునందు చూచును. ఇంతటి కాంతి నిజముగా నుండునా యని ఆతనికి సందేహము కలుగును. రెండవ యంకమున ఆమె నాట్యము చేయుటకై యెదుట నిలిచినప్పుడు చూచి, తన సందేహమును విడిచి, ఆ చిత్తరువును వ్రాసినవాని సమాధియే సడలినదని నిశ్చయించుకొనును. సమాధి యన నిచట మనస్సు చెదరక ఎదుటి వస్తువునందే నిలుచుట. రాజు కుంచెను నిందింపలేదు, రంగులను నిందింపలేదు. చూచువాని మనస్సు నిలువలేదని మాత్రమే యనెను. మనుష్యరూపమును చిత్రించు కళను గూర్చి ఇంతకంటె సూక్ష్మమైన విమర్శ మాకు మరియొకచోట కానరాలేదు. గురువుల యొద్ద నేర్వవలసినది ముందుగా ఈ సమాధి. దీపముల యమరిక ఆ తరువాతి మాట.

నేడు నేర్చుకొనువారి పద్ధతి దీనికి తలక్రిందుగా నున్నది. వారు ప్రసిద్ధమైన పట మొక్కటి యెదుట నుంచుకొని, కటకమేది, దీప మెచ్చట నుంచిరి, వెనుక తెర యేరంగుది యని ప్రశ్నింతురు. ముక్కునీడ చెంపనీడతో కలిసి, చీకటిగా నున్న చెంపపై కంటి క్రింద త్రిభుజాకారమైన వెలుతురు నిలుచునట్లు దీపము నమర్చుటకు రెంబ్రాంట్ వెలుతురని పేరు. ఇది ఆ డచ్చి చిత్రకారుని పేరిట వచ్చినది. దీనిని ఒక సాయంకాలమున నేర్వవచ్చును. పారిసు నగరమున నాదార్ అను పేరిట ప్రసిద్ధుడైన ఫెలిక్స్ తూర్నషోన్ (1820–1910) ఈ సంగతిని 1857లోనే చెప్పియున్నాడు. నాదార్ అను పేరు తనకే చెందవలెనని తమ్మునితో వ్యాజ్యమాడుచు ఆతడు చేసిన వాదమిది: ఛాయాచిత్రశాస్త్రమును ఒక గంటలో నేర్వవచ్చును, పని చేయు రీతిని ఒక దినమున నేర్వవచ్చును, వెలుతురును గుర్తించు హృదయమును, ఎదుట కూర్చున్నవాని స్వభావమును గ్రహించు తెలివిని నేర్పుట మాత్రము ఎవరి తరమును కాదు. ఆతని మంచి పటములలో తెర సాదాగా నుండును, అలంకారము లుండవు. నేర్చుకొనువారు ఆ సాదా తెరను గ్రహింతురు గాని, తెరను ఎందులకు సాదాగా నుంచెనో విచారింపరు. మనిషిపై నుంచిన చూపు మరియొకచోటికి పోరాదనియే కదా!

ఇతరుల తప్పు నెన్నుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మంచి కెమెరా యొకటి కొని, యూసఫ్ కార్ష్ (1908–2002) తీసిన చర్చిల్ పటముపై మేము మోహపడితిమి. 1941 డిసెంబరు 30న, ఆటవా నగరమున కెనడా పార్లమెంటులో ప్రసంగము ముగించి వచ్చిన చర్చిల్ నోటినుండి కార్ష్ చుట్టను లాగివేసెననియు, ఆ క్షణమున ఆతని ముఖమున కలిగిన యాగ్రహమే ఆ పటమున నిలిచెననియు లోక మెరుగును. ఆ నల్లని వెనుకభాగమును, ప్రక్కనుండి పడిన వెలుతురును, ముఖమందలి ప్రతి ముడుతయు కనబడుటను చూచి, ఇదియే కళ యనుకొంటిమి. ఇంట మా మేనత్త కలదు. ఆమెకు అప్పటికే డెబ్బది యేండ్లు దాటినవి. ఆమెను ఒక సాయంకాలమున కుర్చీలో కూర్చుండబెట్టి, వెనుక నల్లని శాలువ కట్టి, ప్రక్కగా నొక్క దీపము నుంచి పటము తీసితిమి.

మేనత్తను గూర్చి ఇచట నొకమాట చెప్పవలెను. మా యింటి పాత పటములలో ఆమె లేదు. పందొమ్మిదవ యేట భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చినది. ఆ పిమ్మట జరిగిన మా తల్లిదండ్రుల పెండ్లి పటమున బంధువు లందరును వరుసలు తీరి నిలిచియున్నారు. ఆ సమయమున ఆమె వంటయింట నుండెను. పొమ్మని ఎవరును అనలేదు. రమ్మని ఎవరును పిలువలేదు. కనుక మేము తీసినదే ఆమెకు మొదటి పట మనవచ్చును. మా తోటి యుపాధ్యాయులు దానిని మిక్కిలి పొగడిరి. విదేశపు పటమువలె నున్నదని ఒకరనిరి. మేనత్త దానిని చాలసేపు చూచి, "నేనెప్పుడైనా నీ మీద ఇంత కోపపడ్డానట్రా, నాయనా?" అని యడిగెను. మాకు బదులు తోచలేదు. ఆమె మమ్ము కోపించి యెరుగదు. యుద్ధకాలపు ప్రధానమంత్రి కోపమును తెచ్చి, జన్మమెల్ల అన్నము వండి పెట్టిన యొక స్త్రీ ముఖమునకు అంటించితిమి. మా సమాధి సడలినదనుటకు వేరు సాక్ష్య మక్కరలేదు.

పిమ్మట కార్ష్‌ను గూర్చి శ్రద్ధగా చదివితిమి. ఆతడు ఒట్టోమాను రాజ్యమున పుట్టిన అర్మీనియను. బాల్యముననే కష్టముల పాలై కెనడాకు చేరినవాడు. బోస్టను నగరమున జాన్ గారో వద్ద శిష్యరికము చేసెను. గారో పగటి వెలుతురుతో పని చేయువాడు. శిష్యుని సాయంకాలపు చిత్రకళా తరగతులకు పంపి, రెంబ్రాంట్, వెలాస్కెజ్‌ల చిత్రములను పరిశీలింపుమనెను. కాని కార్ష్ గురువు వెలుతురును అనుకరింపలేదు. ఆటవాలో నాటకశాలకు పోయి, రంగస్థల దీపములు నటుని ముఖమును ఎట్లు మార్చునో చూచి, తన పద్ధతిని తాను కల్పించుకొనెను. చుట్టను లాగిన కథ వలన అంతయు క్షణములో జరిగిన సాహస మనిపించును గాని, దీపములను ముందుగనే అమర్చుకొని ఆతడు కాచియుండెను. అంతేకాక, వెంటనే తీసిన మరియొక పటమున అదే చర్చిల్ చిరునవ్వుతో నున్నాడు. ఆ కోపము ఆ మనిషిది, ఆ గడియది. దానిని మూసగా పోసి మరియొకరి ముఖమున కుదుర్చుట గురువును అనుసరించుట కానేరదు.

జూలియా మార్గరెట్ కామెరన్ చరిత్రము ఇండ్లయందలి స్త్రీలు తప్పక తెలిసికొనదగినది. ఆమె 1815లో కలకత్తాలో జన్మించెను. 1863 డిసెంబరులో కూతురును అల్లుడును ఒక కెమెరాను కానుకగా ఈయగా, నలువదియెనిమిదవ యేట ఈ విద్య నారంభించెను. ఇంగ్లండునకు చెందిన వైట్ ద్వీపమందలి తన యింట బొగ్గుల కొట్టును చీకటిగదిగను, కోళ్ల గూటిని అద్దముల శాలగను మార్చుకొనెను. నాటి తడిపలక పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది యారకముందే పటము తీసి కడుగవలెను. కూర్చున్నవారు చాలసేపు కదలరాదు. ఆమె పటములు మసకగా నున్నవని నాటి పండితులు నిందించిరి. కటకమును త్రిప్పుచు తన కంటికి అందముగా తోచినచోట ఆపితిననియు, అందరివలె ఇంకను పదునునకై త్రిప్పలేదనియు ఆమె తన స్వీయచరిత్రలో సమాధానము చెప్పినది. 1867లో ఆమె తీసిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్ పటమును చూడుడు. చీకటినుండి ముసలి ముఖ మొకటి వెలువడుచున్నది. నెరసిన జుట్టు చెదరియున్నది. చిరకాలము నక్షత్రములను చూచిన కన్నులు మనలను దాటి చూచుచున్నవి. ఇచట మసక లోపము కాలేదు. ఆమె ఆ పెద్దను చిరకాలముగా ఎరుగును, గౌరవించును. ఆ యెరుక పటమున నున్నది.

కాని గురువుల యందును తప్పున్నచో చెప్పుట విమర్శకుని ధర్మము. కామెరన్ పటములలో ఘనులైన పురుషులు తమ పేళ్లతో, తాముగా నున్నారు. ఆమె యింటి పనికత్తె మేరీ హిల్లియర్ పలుమారు దేవమాత వేషమున నున్నది. ఆ పటములు అందమైనవి. కాని వానిలో మేరీ హిల్లియర్ ఎచ్చట? కవికి, పండితునకు తమ ముఖముండగా, పనికత్తెకు మాత్రము వేష మెందులకు? ఈ ప్రశ్నను దూరదేశపు స్త్రీ నడిగి ఊరకుండరాదు. మన పెండ్లి పటములలో వంట చేసినవారెచ్చట? మన పిల్లలను పెంచిన దాది యెచ్చట?

ఈ లోపమునకు జర్మనీ దేశీయుడు అగస్ట్ సాండర్ (1876–1964) పనిలో కొంత సమాధానము కలదు. ఆతడు తన కాలపు సమాజమునందలి అన్ని తరగతులవారిని ఒకే మర్యాదతో తీయదలచెను. 1914లో తీసిన పటమున ముగ్గురు పడుచు రైతులు మంచి దుస్తులు ధరించి, చేతికర్రలు పట్టి, త్రోవలో నిలిచి మనవైపు చూతురు. 1928లో తీసిన మిఠాయి వంటవాడు తెల్లని యంగీతో, చేత గిన్నెతో, తన వంటశాలలో న్యాయాధిపతివలె నిలిచియుండును. వంటవానిని చూచి జాలిపడుమని సాండర్ చెప్పడు, నవ్వుమనియు చెప్పడు. కెమెరా ఎదుట ఎట్లు నిలువదలచిరో అట్లు నిలువనిచ్చి, తాను దూరముగా నుండును. 1929లో అరువది పటములతో ఆతని గ్రంథము వెలువడెను. మనుష్యులను ఇట్లు ఉన్నవారినున్నట్లు చూపుట నాజీ ప్రభుత్వమునకు రుచింపలేదు. 1936లో ఆ గ్రంథపు అచ్చుపలకలను నాశనము చేయించిరి. ఉత్తజాతి యొక్కటే యుత్తమమని చాటువారికి అందరి ముఖములును సమానముగా కనబడుట ఎంత యపాయకరమో దీనివలన తెలియును. అయినను సాండర్ కూడ పెక్కుమందిని వారి వృత్తి పేరుతోనే విడిచెను. వంటవాడు వంటవాడుగనే మిగిలెను.

మన ప్రాంతపు గురువును మరచిన దోషము మాకు రాకూడదు. 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో జన్మించిన రాజా లాలా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరు విద్య నభ్యసించి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పెను. ఆతని భవనముల పటములను, వేట పటములను పొగడువారు కలరు. మాకు వానికంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. 1892లో ఆతడు హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక చిత్రశాలను తెరచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ యాజమాన్యమున నుంచెను. ఘోషా మంచిదని మేమనము. కాని, కూర్చున్న మనిషి నిర్భయముగ నుండనిదే ఆమె ముఖము కెమెరాకు చిక్కదని ఆ వ్యాపారి గ్రహించెను. వెలుతురు కంటె ముందు అమర్చవలసినది ఆ నిర్భయము.

డొరోథియా లాంజ్ తీసిన వలసతల్లి పటము ఈ విషయమున కఠినమైన పాఠము. 1936 మార్చిలో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు నిపోమో వద్ద, బటానీ కోతకు వచ్చిన కూలీల మజిలీలో, పిల్లలతో గుడారమున కూర్చున్న యొక తల్లిని ఆమె ప్రభుత్వోద్యోగిగా తీసెను. ఒక్కొక్క పటమునకు దగ్గరగా జరుగుచు తీసి, తుదకు ఆ ప్రసిద్ధ చిత్రమును సాధించెను. ఇద్దరు పిల్లలు తల్లి భుజముల వెనుక ముఖములు దాచుకొన్నారు. ఆమె చేయి చెంపను తాకుచున్నది. చూపు ఎచ్చటనో నిలిచినది. ఆ పటములు పత్రికలో వెలువడగా ఆ మజిలీకి ఆహారము పంపబడెను. అప్పటికే ఆ కుటుంబము అచ్చటినుండి వెడలిపోయెను. లాంజ్ ఆమె పేరైనను అడుగలేదు. నలువది రెండేండ్ల పిమ్మట, 1978లో, ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థామ్సన్ అని లోకమునకు తెలిసెను. ఆ పటము తీయకున్న బాగుండెడిదనియు, దానివలన తనకు కలిగిన లాభ మేమియు లేదనియు ఆమె చెప్పుకొనెను. పట మెంతో మందికి మేలు చేసినదని మేమును ఒప్పుకొందుము. అది గొప్ప పటమే. కాని పేరడుగుటకు ఎంతసేపు పట్టును? కంటికి సమాధి కుదిరినను, మనిషికి చెల్లింపవలసిన ఋణము మిగిలిపోవచ్చునని ఈ కథ చెప్పుచున్నది.

ఈ ఋణమును మన యిండ్లలో ఎట్లు తీర్చుచున్నామో చూడుడు. పెండ్లి సంబంధములకై ఆడపిల్లల పటములను పంపునపుడు చామనచాయ పిల్లను తెల్లగా చేయింతుము. పూర్వము చిత్రశాలవారు గాజుపలకపై పెన్సిలుతో దిద్దెడివారు. ఇప్పుడు మనము కోరకయే సెల్‌ఫోను చర్మమును నునుపు చేయుచున్నది. ఆ పటమును చూచి వచ్చినవారు పిల్లను చూచి పెదవి విరుతురు. కాళిదాసుని రాజు మనిషిని చూచి చిత్తరువును తప్పు పట్టెను. మనము చిత్తరువును చూచి మనిషిని తప్పు పట్టుచున్నాము. తన ముఖము చాలదని తల్లిదండ్రులే లోకమునకు చాటినప్పుడు, ఆ పిల్ల అద్దమున తన్ను తాను ఏ ధైర్యముతో చూచుకొనును?

ఇక నేర్వదలచినవారికి మేము చెప్పగలిగిన పద్ధతి. నెలకు ఒక్క పటమును మాత్రమే యెన్నుకొనుడు. మొదట కనుపాపలలోని వెలుతురుచుక్కను చూడుడు. కిటికీ యెచ్చట నున్నదో, ఎంత పెద్దదో అది చెప్పును. పిమ్మట ముక్కునీడ యెటు పడినదో చూడుడు. కెమెరా ఎంత యెత్తున నున్నదో గమనింపుడు. పిల్లలను, క్రింద కూర్చున్నవారిని నిలువబడి తీసినచో వారు కురుచవారగుదురు. వారి కన్నుల యెత్తునకు వంగుట మర్యాదయు, విద్యయు కూడ. దూరమును గమనింపుడు. చేరువనుండి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ఆరేడు అడుగులు వెనుకకు జరిగినచో ముఖము తన కొలతలకు వచ్చును. తుదకు ఈ ప్రశ్న వేసికొనుడు: ఈ మనిషి వలదని చెప్పగలిగి యుండెనా? ఈ ప్రశ్నకు బదులు వెదకనిచో మునుపటి పరీక్షలన్నియు తెలిసినను విద్య సగమే.

మేనత్త పటమును మేము మరల తీసితిమి. ఈసారి వారము దినములు కెమెరాను ముట్టక, పెరటి వసారాలో ఆమె బియ్యము ఏరునపుడు ప్రక్కన కూర్చుంటిమి. నాలుగు గంటలకు అచ్చట వెలుతురు మెత్తగా నుండుననియు, ఆమె మాటలాడునపుడు తల కొంచెము ఎడమకు వంచుననియు నలువది యేండ్లు ఒక యింట నుండియు అప్పుడే తెలిసికొంటిమి. ఒకనాడు, "పటము తీయనా, అత్తా?" అని యడిగితిమి. "ఉండరా, చీర మార్చుకొని వస్తాను" అనెను. ఆ వెలసిన చీరయే బాగున్నదని, దానిలోనే కళ యున్నదని మా నాలుక చివరకు వచ్చినది; అదృష్టవశమున ఊరకుంటిమి. ఆమె వంకాయరంగు అంచు గల చీరను కట్టుకొని వచ్చి, చేటను ప్రక్కకు నెట్టి, చేతులు ఒడిలో నుంచుకొని, కెమెరావైపు సూటిగా చూచెను.

ఆ పటమున నీడల వింత లేదు. తోటి యుపాధ్యాయులు మొదటి పటమే మేలనిరి. మేనత్త మాత్రము దీనిని చూచి, "దీన్ని ముందుగదిలో పెట్టించు" అనెను. ఇప్పుడది మా తల్లిదండ్రుల పెండ్లి పటము ప్రక్కనే యున్నది.

చదువరులు తమ యింటి పటములను ఒకసారి తీసి చూతురు గాక. వానిలో ఉన్నవారిని మాత్రమే కాక, లేనివారిని కూడ లెక్కింతురు గాక. వారిలో ఇంకను జీవించియున్నవారి వద్దకు పోయి, పేరు పెట్టి పిలిచి, సెలవడిగి, వారికి నచ్చిన చీరలోనో పంచెలోనో వారిని కూర్చుండనిచ్చి పటము తీయుడు. గురువుల పటములు చూచిన ఫలము అప్పుడు దక్కును.